జైలుకు వెళ్లొచ్చినా మనోవర్తి బాకీ తీరదు

ప్రశ్న: నాకూ బాబుకూ కలిపి నెలకు 12 వేలు ఇవ్వాలని ఫ్యామిలీ కోర్టు ఆర్డర్ ఇచ్చింది. మా ఆయన మూడు నెలలు వేసి ఆపేశాడు. పదకొండు నెలలవుతోంది. గట్టిగా అడిగితే ‘జైలుకైనా పోతా, రూపాయి ఇవ్వను’ అంటున్నాడు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. మళ్లీ కోర్టుకెళితే ‘నాన్నను జైల్లో పెట్టించావు’ అని రేపు నా కొడుకే అంటాడేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు క్యాలెండర్ చూడండి. బకాయి పడిన ప్రతి నెల డబ్బుకూ, అది ఇవ్వాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు అర్జీ పెడితేనే కోర్టు వారంట్ ఇస్తుంది. మీకు పదకొండు నెలలు గడిచాయి. ఇంకాస్త ఆగితే మొదటి నెల డబ్బు ఈ దారిలో రాదు. తర్వాత సివిల్ డిక్రీలా, అంటే అప్పు కేసులో కోర్టు తీర్పును అమలు చేయించినట్టు, వసూలు చేసుకోవచ్చు గానీ, దానికి చాలాకాలం తిరగాలి.

‘జైలుకు పోతా’ అన్న మాటకు బెదరకండి. మనోవర్తి గురించి చెప్పే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125 ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 అయింది. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే, జుర్మానా వసూలు చేసినట్టు ముందు వసూలుకు వారంట్ ఇస్తారు. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల రోజుల వరకు జైలు. కట్టిన రోజున విడుదల. శిక్ష అనుభవించి వచ్చినంత మాత్రాన బాకీ మాఫీ కాదని సుప్రీంకోర్టు ఎన్నో ఏళ్ల కిందటే తేల్చేసింది. మీ 1,32,000 అలాగే ఉంటుంది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మనోవర్తి ఆర్డర్‌ను సివిల్ డిక్రీలాగే అమలు చేయవచ్చని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే జీతం అటాచ్ చేయమని అడగొచ్చు. మామూలు అప్పులకంటే మనోవర్తి బాకీకి జీతంలో ఎక్కువ భాగం పట్టుకునే వీలుంది. ఆయన ఎక్కడ పనిచేస్తున్నాడో, కంపెనీ పేరేమిటో కనుక్కోండి. జీతం నిజంగా తగ్గితే మొత్తం తగ్గించమని కోర్టునే అడగాలి తప్ప, తనంతట తాను ఆపేసే హక్కు ఆయనకు లేదు.

బాబు సంగతి. మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీరు అడుగుతున్నది వాడి ఫీజు, వాడి అన్నం. నోటీసు అందాక కట్టడానికి ఆయనకు అవకాశం ఉంటుంది, కడితే జైలు ప్రసక్తే రాదు. ఆ తలుపు మూసుకునేది ఆయనే, మీరు కాదు.

రేపే బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించండి. మూడుసార్లు 12 వేలు, ఆపైన ఏమీ లేదు: మీ సాక్ష్యం అదే. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఈలోపు ఎవరైనా ఐదు వేలు చేతిలో పెట్టి ‘సర్దుకోమ్మా’ అంటే అకౌంట్‌లోనే వేయమనండి. లాయర్ ఫీజు గురించి దిగులొద్దు, ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను పెడుతుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులో ఉన్న వాళ్ల ఆఫీసుకే నేరుగా వెళ్లండి.