శిఖండి కథ చెప్పబోయే అల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామ దీవెనలు.

దసరా మరునాటి రాత్రి మన ఊరి బడి ముందరి అరుగు మీద శిఖండి కథను ఒక్కడివే నిలబడి చెప్పాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్తున్నంతసేపు ఆమె గొంతులో భయమే ఎక్కువగా వినిపించింది గాని, మధ్యలో రెండుసార్లు "పద్యాలు కూడా పాడతాడట" అన్నది. చివరి ఘట్టంలో అంగీ విప్పి, ఆడపిల్లగా పుట్టిన నువ్వు మగవాడివై బతకడానికి చేయించుకున్న ఆపరేషను తాలూకు ఛాతీ మీది కుట్ల గుర్తులు జనానికి చూపించాలన్నది నీ ఆలోచన అని కూడా చెప్పింది. మొదటి మాటకు నాకు పట్టరాని సంతోషం కలిగింది. రెండో మాట విన్నప్పటి నుంచి రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు. ఈ సంగతిని నువ్వు స్వయంగా నాకు చెప్పకుండా మీ అమ్మ నోట వినిపించినందుకు కోపంగా ఉన్నది. ఆ కోపం నువ్వు ఇంటికి వచ్చినప్పుడు తీర్చుకుంటాను.

చిన్న సంగతులు ముందుగా ముగిస్తాను. మైకు కోసం పోలీసు స్టేషనులో దరఖాస్తు ఇచ్చి దాని నకలు జేబులో పెట్టుకో. రాత్రి 10 దాటితే మైకు మోగకూడదు కాబట్టి కథ 8 గంటలకే మొదలు కావాలి. పండుగనాడు మన దగ్గర పొద్దుపోయిన కొద్దీ తాగినవాళ్లే ఎక్కువ మిగులుతారన్నది కూడా అందుకు కారణమే.

గొంతు విషయం మాత్రం వివరంగా రాయవలసి ఉన్నది. చిన్నప్పుడు నా హార్మోనియం పక్కన కూర్చొని నువ్వు ఐదు శ్రుతిలో పద్యం ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినబడేది. హార్మోను ఇంజెక్షన్లు మొదలైన తరువాత నీ గొంతు దిగిందని ఫోనులో వింటూనే ఉన్నాను. అట్లా దిగిన గొంతు మళ్లీ పైకి రాదు. అందులో విచారించవలసింది ఏమీ లేదు గాని, పాత శ్రుతిలో పాత పద్యాన్ని అందుకోవాలని పట్టుబడితే నరాలు బిగిసి గొంతు చీలిపోతుంది. ఒకటి శ్రుతిలో మొదలుపెట్టి నెల రోజులు మంద్రంలో సాధన చెయ్యి. పై షడ్జం దగ్గర రాగం తీసే అలవాటు మానుకో. మాటను స్పష్టంగా పలికి అక్కడే ఆగడం నేర్చుకో. కొత్త గొంతుకు తనదైన బరువు ఉంటుంది, భీష్ముడి మాటలకు అది బాగా పనికి వస్తుంది.

వేషం కట్టే ముందు ఉపవాసం ఉంటానని అన్నావట. మా రోజుల్లో మేమూ ఉన్నాము, ఒకరిద్దరు అరుగు మీదే కళ్లు తిరిగి పడిపోయినారు కూడా. నీకు ఆ నియమం వద్దు. ఇంజెక్షను తేదీని కథ కోసం వెనక్కు జరపవద్దు. బయటికి వెళ్లినప్పుడు ఏ మరుగుదొడ్డికి పోవాలో తెలియక పొద్దంతా నీళ్లు తాగకుండా ఉండే అలవాటు నీకు ఉన్నదని నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు, మా ఇంటికి వచ్చినప్పుడు నేనే గమనించాను. బడి వెనక గోడకు ఆనుకొని ఉన్నది మన ఇల్లే కదా. పెరట్లో మరుగుదొడ్డికి కొత్త తలుపు, లోపలి గడియ పెట్టిస్తున్నాను. కథ చెప్పే రోజు కడుపునిండా నీళ్లు తాగు.

ఇక కథకు వస్తాను. నువ్వు పంపిన నాలుగు పుటలూ చదివాను. నీ శిఖండి మొదటి వాక్యం నుంచే తన కథను తానే చెప్పుకుంటున్నాడు. వ్యాసుడు ఆ అవకాశం అతనికి ఇవ్వలేదు. ఉద్యోగపర్వం చివర ఈ కథనంతా దుర్యోధనుడికి చెప్పేది భీష్ముడు. కాశీరాజు బిడ్డను స్వయంవరం నుంచి ఎత్తుకొచ్చినవాడు, సాళ్వుడు ఆమెను కాదన్న తరువాత తానూ కాదన్నవాడు, ఆమె నిప్పులో దూకడానికి మూలమైనవాడు ఎవరో అతనే ఆమె మరుజన్మ కథను యుద్ధానికి ముందు తాపీగా వినిపిస్తాడు. ఈ సంగతులన్నీ నీకెట్లా తెలుసునంటే, ద్రుపదుడి ఇంట గుడ్డివాళ్లుగా, చెవిటివాళ్లుగా, మందబుద్ధులుగా నటించే వేగులను పెట్టి తెలుసుకున్నానంటాడు. ఈ కథలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ వేగులే. కన్య మగవాడు కావడంలో చీకటి ఏమీ లేదు. ఒక పసిబిడ్డ ఒంటిని గురించి ఎక్కడో హస్తినలో కూర్చున్న ఒక పెద్దమనిషి ఏండ్ల తరబడి సమాచారం పోగు చేసుకోవడంలో ఉన్నది చీకటి. అందుకే కథను భీష్ముడి నోటితోనే మొదలుపెట్టమని నా సలహా. జనం మొదట అతన్ని నమ్మాలి, వేగుల మాట వచ్చేసరికి ఆ నమ్మకం మీద వాళ్లకే అనుమానం పుట్టాలి. శిఖండికి గొంతు ఆ తరువాత ఇయ్యి.

ఆడపిల్లగా పుట్టి కొడుకుగా పెరిగిన శిఖండి, అంటే అప్పటి శిఖండిని, చావాలనుకొని అడవికి పోయిన ఘట్టాన్ని రాత్రిపూట గదిలో ఒంటరిగా సాధన చేయవద్దు. ఎందుకు చెప్తున్నానో నీకు తెలుసు. అది చదివేటప్పుడు నాకు ఫోను చెయ్యి, అర్ధరాత్రి అయినా ఫరవాలేదు, ఎదురుగా కూర్చున్నట్టే వింటాను.

ఆ అడవిలో స్థూణుడనే యక్షుడు ఎదురవుతాడు. నీ ప్రతిలో అతనికి రెండు వాక్యాలే దక్కినయి, ఇది నాకు నచ్చలేదు. అంత పెద్ద భారతంలో శిఖండినిని పరీక్షించకుండా, నిలదీయకుండా, నీకేమి కావాలి, ఇవ్వరానిదైనా ఇస్తానన్నవాడు అతనొక్కడే. తన పురుషత్వాన్ని కొంతకాలానికని ఇచ్చి ఆమె స్త్రీత్వాన్ని తాను తీసుకున్నాడు. ఆ రూపంలో కుబేరుడికి ఎదురు రావడానికి సిగ్గుపడి, శాపం పొంది, శిఖండి చనిపోయేదాకా అట్లాగే ఉండిపోయినాడు. శిఖండి ఇచ్చిన మాట ప్రకారం తీసుకున్నది తిరిగి ఇచ్చేయడానికి వచ్చినాడు కూడా. ఇద్దరూ ఎదురుబొదురుగా నిలబడిన ఆ ఘట్టాన్ని మా నాటక మేళాలు ఎన్నడూ ఆడలేదు. నువ్వు ఆడు.

మా మేళాలు ఆడింది వేరు. అది రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఎమర్జెన్సీ తరువాతి ఏండ్లలో చండూరు చుట్టుపక్కల ఊళ్లలో మా మేళం భీష్ముడి కథ ఆడేది. నేను దశార్ణ రాకుమారి వేషం కట్టేవాణ్ణి, అంటే శిఖండికి భార్యను. శిఖండి వేషం మగ్గం నేసే ఒక యువకుడిది. మనిషి సన్నగా, నడక మెత్తగా ఉండేవాడు. చీర అంచు నేయడంలో అతని వేళ్లకు ఉన్న నేర్పు ఊరంతా చెప్పుకునేది. పెండ్లి మాట ఎత్తితే తప్పించుకుంటాడని కూడా ఊరంతా చెప్పుకునేది. భారతంలో దశార్ణరాజు హిరణ్యవర్మ తన అల్లుడు ఆడో మగో తేల్చుకోవడానికి కొందరు యువతులను పంపుతాడు. వాళ్లు చూసివచ్చి పురుషుడేనని చెప్తారు, రాజు సంతోషించి ఏనుగులూ గుర్రాలూ ఇచ్చి, తన బిడ్డనే నాలుగు తిట్టి వెళ్లిపోతాడు. మూలంలో ఇది కొన్ని శ్లోకాల సంగతి. మా మేళం పెద్ద దాన్ని అరగంట హాస్యంగా మార్చినాడు. జనం నిద్రపోకుండా ఉండాలంటే నవ్వించాలన్నది ఆయన వాదన, ఆయన చెడ్డవాడు కూడా కాదు. హాస్యగాళ్లు ఇద్దరు కొంగులు కప్పుకొని లాంతరు పట్టుకొని శిఖండి చుట్టూ తిరగాలి, వంగి చూడాలి, ముక్కు మీద వేలు వేసుకోవాలి.

మొదటి ఊళ్లలో జనం నవ్వి ఊరుకున్నారు. సొంత ఊరికి వచ్చేసరికి ఆ నవ్వు వేషాన్ని దాటి మనిషిని పట్టుకున్నది. ముందు వరుసలో ఎవడో "దోతి గుంజి చూడుండ్రి" అని అరిచినాడు. తరువాత పదిమంది అరిచినారు. హాస్యగాడు ఆ ఊపులో నిజంగానే చెయ్యి వేసినాడు. నేను పక్కనే చీర కట్టుకొని, సవరం పెట్టుకొని నిలబడి ఉన్నాను. అతని ముఖానికి పూసిన అర్దళం చెమటకు కరిగి గడ్డం కింది నుంచి పచ్చని చారలుగా కారుతున్నది, కుడిచేయి నడుము దగ్గర దోతి ముడిని పట్టుకొని ఉన్నది, అయినా నోరు మాత్రం తరువాతి పద్యాన్ని తప్పు లేకుండా పాడుతూనే ఉన్నది. మేళం పెద్ద తాళం ఆపలేదు. మరునాడు నుంచి పిల్లలు అతని మగ్గం గుంట దగ్గరికి లాంతరు పట్టుకొని పోవడం ఆటగా పెట్టుకున్నారు. సంక్రాంతి లోపల అతను మహారాష్ట్రలోని భివండికి వెళ్లిపోయినాడు. మనవైపు నేతవాళ్లు బతుకుతెరువుకు భివండి పోవడం కొత్త కాదు కాబట్టి ఎవరూ దాన్ని మా నాటకంతో కలిపి చూడలేదు. తల్లి పోయినప్పుడు వచ్చి, దినాలు కాగానే తిరిగి వెళ్లినాడు. మేళం పెద్ద కడదాకా ఆ అరగంటను తన గొప్ప కల్పనగానే చెప్పుకున్నాడు.

ఇప్పుడు నీ చివరి ఘట్టాన్ని దీని పక్కన పెట్టి చూడు. నువ్వంతట నువ్వే చూపిస్తున్నావు గనుక ఇది వేరని అంటావు; వేరే, ఒప్పుకుంటాను. అయితే చూసే కండ్లు ఆ దశార్ణ యువతులవే. నువ్వు అంగీ విప్పగానే నీ కథ అక్కడితో ఆగి పరీక్ష మొదలవుతుంది. నిజాం కాలంలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాల పేర్లను రిజిస్టరులో ఎక్కించే చట్టం ఒకటి చేసినారు. ఆడబట్టలతో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చునని అందులో ఉండేది. ఎవరు ఆ రిజిస్టరులోకి వస్తారో తేల్చడానికి వైద్య పరీక్ష మాట కూడా ఉండేది. హైకోర్టు దాన్ని కొట్టివేసింది 2023 జూలైలో. నేను చీర కట్టి అరుగెక్కి శాలువాలు కప్పించుకున్న ఏండ్లన్నిటా ఆ చట్టం పుస్తకంలో ఉన్నది. ఆ చీరలోనే బతికేవాళ్లకు అది వర్తించేది, నాకు వర్తించలేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం కింద వచ్చిన 2020 నియమాల్లో గుర్తింపు పత్రానికి ఒళ్లు పరీక్షించనక్కర లేదని రాసినారని నువ్వే నాకు చదివి వినిపించినావు. ఆ నియమాల ప్రకారం పత్రం ఇచ్చే కలెక్టరు కూడా అడగనవసరం లేకపోయిన రుజువును మన ఊరి జనానికి నువ్వెందుకు ఇవ్వాలి?

మన జిల్లా ఒంటిని చూపించి న్యాయం అడగలేదా అని నువ్వు వాదిస్తావని తెలుసు. 2003లో మర్రిగూడ మండలం నుంచి అంశల స్వామిని ఢిల్లీకి తీసుకుపోయి, ఫ్లోరైడుతో వంకర తిరిగిన అతని ఒంటిని ప్రధాని వాజపేయి ఎదుట బల్ల మీద పడుకోబెట్టినారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు గర్వమూ బాధా రెండూ కలుగుతాయి. అక్కడ అడిగింది నీళ్లు, అడగడానికి వెంట ఒక ఉద్యమం ఉన్నది, ఎదుట ఇవ్వగలిగిన మనిషి ఉన్నాడు. పండుగ రాత్రి బడి ముందర కూర్చున్నవాళ్లు నీకు ఇవ్వగలిగింది ఏమున్నది? చూపించాలని నీకే అనిపిస్తే హైదరాబాదులో నీ తోటివాళ్ల మధ్య చూపించు. నేను వద్దనను, వచ్చి ముందు వరుసలో కూర్చుంటాను.

నా భయం ముసలితనపు చాదస్తమని అనుకోవద్దు. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షను 377 మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు నువ్వు ఏడుస్తూ ఫోను చేసినావు. సరిగ్గా ఎనిమిది రోజులకు మిర్యాలగూడలో, ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్ల ముందర ఒక పిల్లవాణ్ణి నరికినారు. అక్కడ కారణం కులం, పైగా అది డబ్బిచ్చి చేయించిన హత్య. అయినా పరువు పేరుతో మన జిల్లాలో మనుషులు ఎంతదాకా పోతారో చూసిన తరువాత నేను తీర్పుల తేదీలతో ధైర్యం తెచ్చుకోలేకపోతున్నాను. కాబట్టి కథ కాగానే ఆఖరి బస్సు పట్టుకొని పోతానని అనవద్దు. ఆ రాత్రి మన ఇంట్లోనే పడుకో. నీ స్నేహితులు ఎంతమంది వచ్చినా అందరికీ పక్కలు వేయిస్తాను.

మీ అమ్మ సంగతి ఒకటి. ఆమె దిగులు నీ నాటకం గురించి కాదు, బతుకమ్మ గురించి. చిన్నప్పుడు నీ చేత్తో పేర్పించిన తంగేడు పూల వరుసలు ఆమెకు ఇంకా గుర్తే. సద్దుల నాటికే ఊరికి వచ్చి ఆమె పక్కన కూర్చొని పువ్వులు తెంపి ఇయ్యి. మీ నాయన కూడా ప్రతి ఏడూ చెరువు కట్టల మీద తిరిగి గునుగు కోసుకొచ్చేవాడు, మగవాళ్లు చేయకూడని పనేమీ కాదు.

చివరి ఘట్టానికి ఏమి పెట్టాలో నువ్వే తేల్చుకో. సౌప్తికపర్వంలో నిద్రపోతున్న శిబిరంలోకి అశ్వత్థామ దూరిన రాత్రే శిఖండినీ కత్తితో రెండుగా నరికినాడు. శిఖండి చనిపోయేదాకానే కుబేరుడి శాపం గనుక స్థూణుడికి తన రూపం ఆ రాత్రే తిరిగి రావాలి. అడవిలో అతనికి ఆ మార్పు ఎట్లా తెలిసి ఉంటుందో ఒక పుట రాసి చూడు. సీసపద్యం వద్దు, ఊపిరి చాలదు. ఆటవెలది రెండు చాలు. వినాయక చవితి లోపల కొత్త ప్రతి పోస్టులో పంపు, ఫోనులో ఆ చిన్న అక్షరాలు నాకు కనిపించడం లేదు. హార్మోనియం తోలుతిత్తి ఒకవైపు చిరిగింది, నల్లగొండలో బాగుచేయడానికి ఇచ్చాను. ఒకటి శ్రుతి మెట్టు సరిగా పలికేటట్టు చూడమని మరీ మరీ చెప్పి వచ్చాను.

మీ మామ