కొట్టకుండా కుక్కకు శిక్షణ ఇవ్వవచ్చా? గుర్రాల దగ్గర నేను చూసినది

ఏడాది వయసున్న మీ లాబ్రడార్ వీధిలోకి రాగానే పట్టీ లాక్కుంటూ పరుగెత్తుతోందని, కొన్నిచోట్ల మొండికేసి కదలడం లేదని, కరెంటు షాకిచ్చే బెల్టు వాడమని ట్రైనర్ సలహా ఇచ్చాడని రాశారు. కొట్టకుండా, షాకివ్వకుండా నేర్పే మార్గం తప్పకుండా ఉంది. దాన్ని నేను గుర్రాల దగ్గర చూసి తెలుసుకున్నాను కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

హైదరాబాద్ శివార్లలో, మొయినాబాద్ వైపు ఒక లాయంలో నేను చాలాకాలంగా స్వారీ చేస్తున్నాను. పరుగు పందేల నుంచి తప్పించిన గుర్రాలు కొన్ని అక్కడికి వస్తుంటాయి. రేసుగుర్రానికి చిన్ననాటి నుంచి అలవాటు చేసేది ముందుకు దూకడమే. పగ్గం బిగించినకొద్దీ అది కళ్ళెం మీద బరువు మోపి ఇంకా వేగం పెంచుతుంది. సంగతి తెలియనివారు దాన్ని పొగరంటారు.

ఒక వానాకాలం సాయంత్రం అలాంటి ఆడగుర్రం ఒకటి మైదానం గేటు దగ్గర బిగుసుకొని నిలబడిపోయింది. గడ్డివాము మీద కప్పిన నీలిరంగు టార్పాలిన్ అంచు ఊడి గాలికి టపటపా కొట్టుకుంటోంది. గుర్రం చెవులు రెండూ అటే నిక్కబొడుచుకున్నాయి, ముక్కుపుటాలు వెడల్పయ్యాయి, మెడ మీద నరాలు తేలాయి. నా పక్కనున్న స్వారీదారు "రెండు తగిలించండి, అదే పోతుంది" అన్నాడు. లాయంలో గుర్రాల బాగోగులు చూసే తలపండిన సయీసు, మేమందరం చాచా అని పిలిచే పెద్దాయన, అతన్ని వారించి నన్ను దిగమన్నారు. పగ్గాలు అందుకొని, లాగకుండా, గుర్రం భుజం పక్కన తానూ టార్పాలిన్ వైపే చూస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి అది గట్టిగా ఊపిరి వదిలి మెడ కాస్త దించింది. దించిన మరుక్షణమే చాచా దాన్ని వెనక్కి తిప్పి దూరంగా నడిపించుకుపోయారు. మళ్లీ తీసుకొచ్చినప్పుడు మరో రెండడుగులు ముందుకు వచ్చింది. మెడ దించగానే మళ్లీ దూరంగా తీసుకుపోయారు. చీకటి పడే వేళకు గుర్రం తనంతట తానే మూతి చాచి, టార్పాలిన్ అంచును వాసన చూసి బుస్సుమంది. ఇక గేటు దాటించేస్తారని మేమంతా ఎదురుచూస్తుంటే, ఆయన జీను పట్టీ వదులు చేసి "బస్, ఈరోజుకి చాలు" అని లాయంలోకి తీసుకుపోయారు. మరునాడు ఉదయం అదే గుర్రం, ఒక చెవి మాత్రం అటు తిప్పి, మామూలు నడకతో ఆ గేటు దాటింది.

జంతువుకు పాఠం అర్థమయ్యేది ఒత్తిడి తీసేసిన క్షణంలోనే అని నేను గట్టిగా నమ్ముతాను. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు చుట్టూ కనిపిస్తుంది కానీ, సరిగ్గా నుదుటి ముందు, తోక వెనుక కనిపించదు. పారిపోయి ప్రాణం కాపాడుకునే ఆ జీవికి కదిలే వస్తువు ప్రతిదీ ముందు ప్రమాదమే. భయపడిన చోట దెబ్బ కూడా పడితే, ఆ చోటు మీద భయం రెట్టింపవుతుంది.

పైగా మన మనసులోని తొందరను అవి ఇట్టే పసిగడతాయి. గత శతాబ్దం తొలి ఏళ్లలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలకు గిట్టతో తట్టి జవాబు చెబుతోందని జనం విరగబడి చూశారు. ఓస్కర్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు పరీక్షించి 1907లో తేల్చినదేమిటంటే, సరైన అంకె రాగానే ప్రశ్న అడిగినవారి తలలో, భంగిమలో తమకే తెలియకుండా కలిగే చిన్న కదలికను చూసి అది ఆగిపోతోంది. అంత చూపున్న ప్రాణి ముందు పళ్లు బిగించి నిలబడి, పైకి మాత్రం శాంతంగా మాట్లాడితే ప్రయోజనం లేదు.

ఇది తెలిసి కూడా మన నగరంలో పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని డీజే పెట్టెల పక్కన నిలబెట్టి, చెవుల దగ్గర టపాకాయలు కాలుస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది. నెలరోజుల్లో కుక్కను దారికి తెస్తామని ఇంటి నుంచి తీసుకుపోయే ట్రైనర్లంటే కూడా నాకు నమ్మకం లేదు. పోలీసు జాగిలాలకు కూడా వాటి హ్యాండ్లర్‌తో కలిపే శిక్షణ ఇస్తారు. యజమాని లేనిచోట నేర్చిన మాట యజమాని దగ్గర నిలవడం కష్టం. కుక్క తోక వంకర అనే సామెతను కొట్టడానికి సాకుగా వాడేవారికి నేను చెప్పేది ఒక్కటే: దెబ్బకు అణగిన కుక్క నేర్చుకున్నట్టు కాదు.

మీ కుక్క సంగతికి వస్తే, పట్టీ లాగిన ప్రతిసారీ మీరు ఆగి నిలబడండి, పట్టీ సడలగానే నడవండి. సడలిన క్షణంలోనే చిన్న తాయిలం ఇవ్వండి, ఆలస్యమైతే అది దేనికో దానికి తెలియదు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. అమ్మ "కూర్చో" అని, పిల్లలు "సిట్" అని, తాతగారు "ఉండవే" అని అంటుంటే దానికేం అర్థమవుతుంది? మొండికేసే చోట ఏ శబ్దానికి, ఏ వస్తువుకు ఆగుతోందో గమనించి, అది తాయిలం తినగలిగేంత దూరం నుంచి మొదలుపెట్టండి. వీటన్నిటికంటే ముందు పశువైద్యునికి చూపించి, కాళ్లలో, తుంటిలో నొప్పి లేదని నిర్ధారించుకోండి. లాబ్రడార్ జాతికి తుంటి కీలు సమస్య తరచుగా వస్తుంది, నొప్పితో ఆగిన కుక్కకు కావలసింది వైద్యం.