ఎర్రర్ లేదు, పేజీ రాదు: టామ్‌క్యాట్‌లో వార్ ఫైల్ సంగతి

ప్రశ్న: స్ప్రింగ్ బూట్ 3తో (జావా ఫ్రేమ్‌వర్క్) రాసిన అప్లికేషన్ నా కంప్యూటర్‌లో బాగానే నడుస్తోంది. దాన్ని వార్ ఫైల్‌గా (జావా వెబ్ అప్లికేషన్‌ను జిప్‌గా కట్టిన ఫైల్) చేసి, సర్వర్‌లో టామ్‌క్యాట్ 9 (అలాంటి అప్లికేషన్లను నడిపే సాఫ్ట్‌వేర్) వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో పెట్టాను. ఫైల్ విప్పుకుంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. ఏ పేజీ తెరిచినా 404 (పేజీ దొరకలేదు). లోపం ఎక్కడ?

జవాబు: టామ్‌క్యాట్ వెర్షన్‌లో. టామ్‌క్యాట్ 9 వరకు సర్వ్‌లెట్ (వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే జావా కోడ్) ప్యాకేజీల పేర్లు జావాఎక్స్‌తో మొదలయ్యేవి. 10 నుంచి జకార్తా అయ్యాయి. స్ప్రింగ్ బూట్ 3 వాడేది జకార్తానే. అప్లికేషన్‌ను మొదలుపెట్టే క్లాస్ కోసం టామ్‌క్యాట్ 9 పాత పేరుతో వెతుకుతుంది. స్ప్రింగ్ కొత్త పేరుతో నమోదై ఉంటుంది కాబట్టి దాని జోలికే పోదు. ఇక ఎర్రర్ ఎలా వస్తుంది? టామ్‌క్యాట్ లాగ్ అయిన కాటలీనా.అవుట్ ఫైల్ తెరిచి చూడండి. డిప్లాయ్‌మెంట్ ముగిసిందన్న వరుస కనిపిస్తుంది, స్ప్రింగ్ మొదలవగానే లాగ్‌లో వేసే బ్యానర్ మాత్రం కనిపించదు. మీరు దాన్ని కావాలని ఆపేసి ఉండకపోతే, బ్యానర్ లేదంటే అప్లికేషన్ అసలు లేవలేదన్నమాట.

టామ్‌క్యాట్ 10.1 పెట్టి, దాన్ని జావా 17 మీద నడపండి. అప్పటికీ బ్యానర్ రాకపోతే మెయిన్ క్లాస్ చూడండి. అది స్ప్రింగ్‌బూట్‌సర్వ్‌లెట్‌ఇనిషియలైజర్‌ను ఎక్స్‌టెండ్ చేయాలి, కాన్ఫిగర్ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. పామ్ ఫైల్‌లో (బిల్డ్ సాధనం మేవెన్ సెట్టింగుల ఫైల్) ప్యాకేజింగ్ వార్ అని, స్టార్టర్ టామ్‌క్యాట్ స్కోప్ ప్రొవైడెడ్ అని ఉండాలి.

బ్యానర్ వచ్చినా 404 పోలేదంటే అడ్రస్ తప్పు. వార్ ఫైల్ పేరే అడ్రస్‌లో భాగమవుతుంది. మేవెన్ ఆ పేరుకు వెర్షన్ నంబర్ కూడా తగిలిస్తుంది. పామ్‌లో ఫైనల్‌నేమ్ ఇచ్చి పేరు కుదించండి. ఏ పేరూ లేకుండా నేరుగా తెరుచుకోవాలంటే ఫైల్‌కు రూట్ అని అన్నీ పెద్దక్షరాల్లో పేరు పెట్టాలి. మీ కంప్యూటర్‌లో పనిచేసిన సర్వర్.పోర్ట్ సెట్టింగ్ ఇక్కడ చెల్లదు, పోర్ట్ టామ్‌క్యాట్ సర్వర్.ఎక్స్‌ఎంఎల్‌లోదే.

ప్రశ్న: కొత్త వార్ కాపీ చేస్తుండగా అప్పుడప్పుడు జిప్ తెరవలేకపోయామన్న ఎర్రర్ వస్తోంది. ఫైల్ పాడైందా?

జవాబు: ఫైల్ బాగానే ఉంది, కాపీ ఇంకా పూర్తికాలేదు. ఆటోడిప్లాయ్ (కొత్త వార్‌ను టామ్‌క్యాట్ తానే విప్పి నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే టామ్‌క్యాట్ మామూలుగా 10 సెకన్లకోసారి వెబ్‌యాప్స్‌ను చూస్తుంది, సగం వచ్చిన ఫైల్‌నే విప్పబోతుంది. నెట్‌వర్క్ మీదుగా పంపే పెద్ద వార్‌లకు ఈ బెడద ఎక్కువ. ముందు అదే డిస్క్ పార్టిషన్‌లోని వేరే ఫోల్డర్‌లోకి పూర్తిగా తెచ్చుకుని, తర్వాత ఎంవీ కమాండ్‌తో వెబ్‌యాప్స్‌లోకి జరపండి. పార్టిషన్ ఒకటే అయినప్పుడు ఎంవీ చేసేది పేరు మార్చడమే, సగం ఫైల్ అన్న మాటే రాదు.