సూది గుచ్చుకుంటే దాచుకోకు చెల్లె

ప్రశ్న: అక్కా, నేను హనుమకొండలో ఒక పళ్ల డాక్టరు క్లినిక్, దాని పక్కనున్న రక్తపరీక్షల ల్యాబ్ రెండూ ఊడ్చి తుడుస్తాను. మూడు వారాల కింద ల్యాబ్ చెత్త సంచికి ముడి వేస్తుంటే లోపలి సూది వేలికి దిగింది, రక్తం వచ్చింది. అక్కడి అబ్బాయి డెటాల్ పోసి ‘ఏం కాదు పో’ అన్నాడు. ఇంట్లో చెప్పలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. గ్లౌజులు అడిగితే కొనుక్కోమంటున్నారు.
- ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: చెల్లె, ముందు నీ టెన్షన్ సంగతి చూద్దాం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల రక్తం అంటిన సూది గుచ్చుకున్నా వెయ్యి మందిలో సుమారు ముగ్గురికే అంటుకుంటుంది. అసలు భయపడాల్సింది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి గురించి. టీకా వేసుకోని వాళ్లకు అది అంతకన్నా ఎన్నో రెట్లు తేలిగ్గా సోకుతుంది.

రేపే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వెళ్లు. ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) ఎక్కడని అడుగు. హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, నీ సంగతి బయటికి పోదు. హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా రాయమను. ఇప్పుడు ఏమీ లేదని వచ్చినా సరిపోదు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. అప్పటిదాకా రక్తదానం చేయకు. హెపటైటిస్ బి టీకా ఇంతకు ముందు వేసుకోకపోతే ఇప్పుడే మొదలుపెట్టు: మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఇంటాయనకు చెప్పు. ఇంత బరువు ఒక్కదానివే మోయకు.

హెచ్‌ఐవీ రాకుండా 28 రోజులు వేసుకునే మాత్రలున్నాయి. సూది దిగిన రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. నీకు ఆ గడువు దాటింది. ఇది చదివే మిగతావాళ్లైనా గుర్తుపెట్టుకోండి: గుచ్చుకోగానే వేలు పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, డెటాల్, బ్లీచింగ్ పోయొద్దు. నల్లా కింద సబ్బుతో కడిగి, డాక్టరుకు చెప్పి, వెంటనే పెద్ద ఆస్పత్రికి పోవాలి. సూది ఎవరికి వాడిందో తెలిస్తే అదీ చెప్పాలి.

ఇక తప్పు ఎవరిదంటే, నీది మాత్రం కాదు. సూది వాడిన మనిషే దాన్ని కట్టర్‌లో పెట్టి కోసి, గుచ్చినా చిరగని తెల్ల డబ్బాలో వేయాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, సిరంజి, గ్లౌజుల వంటి ప్లాస్టిక్ ఎర్ర సంచిలోకి పోవాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఇలాగే చెప్తున్నాయి. ఆ చెత్త ముట్టే ప్రతి మనిషికీ గ్లౌజులు, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష, శిక్షణ యజమానే ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. కొనుక్కోమనడం కుదరదు. క్లినిక్, ల్యాబ్ వాళ్లందరూ కలిసి అడగండి. వినకపోతే కాలుష్య నియంత్రణ మండలికి రాసివ్వండి.

డాక్టర్లు వేసుకునే పల్చటి గ్లౌజులు నీకు పనికిరావు, మందపాటి రబ్బరువి కావాలి. అవి ఉన్నా సూది పూర్తిగా ఆగదు. కాబట్టి సంచిని ముప్పావు వంతు నిండగానే కట్టెయ్యి. ఇంకా పట్టాలని చేత్తో అదమకు. మెడ దగ్గర పట్టుకుని, కాలికి తగలకుండా దూరంగా ఎత్తు. నీకు సూది దిగింది సంచి కట్టేటప్పుడే కదా.

ప్రశ్న: అక్కా, నర్సింగ్ హోమ్ బాత్రూం మరకలు పోవాలని యాసిడ్‌లో బ్లీచింగ్ కలిపి పోస్తున్నా. కళ్లు మండుతున్నాయి, దగ్గు వస్తోంది.
- ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: తమ్ముడూ, ఈ రోజు నుంచే ఆపేయ్. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. యాసిడ్ వాడిన రోజు నీళ్లు బాగా కొట్టి వదిలెయ్, బ్లీచింగ్ ఇంకో రోజు వాడు. పొరపాటున కలిస్తే తుడుస్తూ కూర్చోకు, బయటికి వచ్చెయ్. ఊపిరి ఆడకపోతే ఆస్పత్రికి పోయి, ఏమేం కలిపావో డాక్టరుకు చెప్పు.