సూరా ‘గ్రాండ్ జాట్’ పిల్లలకు చూపించేటప్పుడు చుక్కల సంగతి ముందే చెప్పకండి

వేసవి సెలవులకు షికాగో వస్తున్నామని, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సూరా వేసిన ‘గ్రాండ్ జాట్ దీవిలో ఆదివారం’ చూపిస్తే ఆరేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి విసుక్కోకుండా చూస్తారా అని అడిగారు. చూస్తారండీ. మేముండేది షికాగో శివార్లలోనే. మా పిల్లల్నీ, ఇండియా నుంచి వచ్చే చుట్టాల పిల్లల్నీ అక్కడికి తిప్పడం నాకు అలవాటైపోయింది.

చాలామంది పెద్దవాళ్లు గదిలో అడుగుపెడుతూనే ‘ఇదంతా చుక్కలతో వేశారు, తెలుసా?’ అంటారు. అంతే, పిల్లలు చుక్కలు చూస్తారు, బొమ్మ చూడరు. అది రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న పెద్ద బొమ్మ. ముందు దూరంగా నిలబెట్టి వెతికే పని పెట్టండి. తాడు కట్టిన కోతి ఎక్కడుంది? గాలం వేస్తున్న ఆవిడ ఎవరు? బూర ఊదుతున్నాయన? పరిగెడుతున్న పాప? కోతి దొరకగానే మావాళ్లు అరిచిన అరుపుకి గార్డు ఇటు తిరిగి చూశాడు. ఆ కోతి యజమానురాలి గౌను వెనకాల ఎత్తుగా ఎందుకుందని నవ్వుతారు. నవ్వనివ్వండి. అప్పటి ఫ్యాషన్ అది, లోపల మెత్తలాంటిది కట్టుకునేవాళ్లు.

తర్వాత ‘ఇంతమందిలో సరిగ్గా మనవైపే చూస్తున్నది ఎవరు?’ అని అడగండి. నడిమధ్యలో తెల్ల గౌను పాప కనిపిస్తుంది. మా చుట్టాలబ్బాయి ఆ పాపని చూసి, మిగతావాళ్లని చూసి, ‘ఆదివారం పూట షికారుకొచ్చి ఒక్కళ్లూ మాట్లాడుకోరేంటత్తా?’ అన్నాడు. 1886లో పారిస్‌లో దీన్ని మొదటిసారి ప్రదర్శించినప్పుడు కూడా మనుషులు కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయారని వెక్కిరించినవాళ్లున్నారు. వాడికి ఆ మాట చెబితే తెగ సంబరపడ్డాడు.

ఇక చేతులు వెనక్కి కట్టించి దగ్గరికి తీసుకెళ్లండి. నీడలో గడ్డి చూపించి ఎన్ని రంగులున్నాయో చెప్పమనండి. పచ్చ ఒక్కటే అనుకున్నచోట నీలం, నారింజ కూడా బయటపడతాయి. దీన్ని చుక్కల ముగ్గుతో మాత్రం పోల్చకండి. ముగ్గులో చుక్క గీతకు దారి చూపిస్తుంది, ఇక్కడ గీతే ఉండదు, రంగు పక్కన రంగు పెట్టి కంటికే కలుపుకునే పని అప్పగించాడు.

తొమ్మిదేళ్లవాడికి ఇంకో సంగతి చెప్పొచ్చు. సూరా సెన్ నది మధ్యలో ఉన్న ఆ దీవికి వెళ్లి డజన్లకొద్దీ చిన్న చిన్న బొమ్మలు వేసుకుని, 1884 నుంచి దీనిమీద కూర్చున్నాడు. పూర్తయ్యేసరికి ఆయనకి 26 ఏళ్లు. ఎండ పడ్డ గడ్డి మెరవాలని వాడిన జింక్ పసుపు కొన్నేళ్లకే గోధుమరంగుకి తిరిగిపోయింది. ‘మరి మళ్లీ రంగు వేయరా?’ అని మా పెద్దది పట్టుబట్టింది. వేస్తే అది సూరా బొమ్మ ఎలా అవుతుంది అని మా ఇంట్లో కారెక్కేదాకా వాదనే.

పావుగంటకి మించి నిలబెట్టకండి. 14 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు, కాబట్టి డబ్బులు గిట్టుబాటు చేసుకోవాలన్న టెన్షనూ అక్కర్లేదు. అక్కణ్ణించి కింది అంతస్తులో థార్న్ మినియేచర్ గదులకు దించండి. బొమ్మరిల్లంత గదుల్లో కుర్చీలు, షాండ్లియర్లతో సహా అన్నీ చిట్టిచిట్టిగా ఉంటాయి. మీ ఆరేళ్లపిల్ల ఊరెళ్లాక వాటి గురించే చెబితే ఏమీ అనుకోకండి.