ఆలోచన ఆగింది వయసు వల్లేనా?

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల. 53 ఏళ్లు. సిమెంట్ ఫ్యాక్టరీలో క్రషర్ సెక్షన్ ఫోర్‌మన్‌ని. ఇదివరకు ఆ సెక్షన్ మంచిచెడ్డలన్నీ నేనే చూసుకునేవాణ్ని. వానాకాలంలో తడి మట్టితో రాయి చ్యూట్‌లో (రాయి కిందికి జారే వాలు దారిలో) ఇరుక్కుపోతుంటే, ఆరేళ్ల కిందట ప్లేటు వాలు మార్చి ఆ బాధ చాలావరకు తప్పించాను. కొత్త మేనేజర్ వచ్చాక షిఫ్టంతా ట్యాబ్‌లో రీడింగులు ఎక్కించడమే నా పని. రిపేర్లు వేరే టీమ్‌కి ఇచ్చారు. ఏమైనా చెప్పబోతే 'పెద్దాయనా, మీరు కూర్చోండి, పిల్లోళ్లు చూసుకుంటారు' అంటారు. ఇప్పుడు నాకూ కొత్తగా ఏమీ తట్టడం లేదు. ఇంట్లో ఊరికే అరుస్తున్నాను. ఇంజనీరింగ్ చదివే కొడుకు 'నీ కాలం అయిపోయింది నాయనా' అన్నాడు. రాజీనామా చేసేయనా?

జవాబు: ప్లేటు వాలు మార్చాలని తట్టినప్పుడు మీకు 47. అప్పటికే మీరు కుర్రవాళ్లేం కాదు. ఈ ఆరేళ్లలో బుర్ర మొద్దుబారిపోలేదు, మారింది మీ పని. అప్పట్లో వాన మీరే చూశారు, రాయి ఇరుక్కోవడం మీరే చూశారు, విప్పింది మీరే, మర్నాడు బెల్టు సాఫీగా నడిచిందో లేదో చూసిందీ మీరే. ఆ ఆలోచన అక్కడే పుట్టింది. ఇప్పుడు మీకు మిగిలింది అంకెలు ఎక్కించడం. అవి ఎటు పోతాయో, వాటితో ఎవరేం చేస్తారో మీకు తెలియదు. ఆ ట్యాబ్ ముందు పాతికేళ్లవాణ్ని కూర్చోబెట్టినా కొన్నాళ్లకు ఇంతే. వాడైతే వేరే ఉద్యోగం వెతుక్కుంటాడు, మీరు ఇంటికొచ్చి అరుస్తున్నారు.

1970లలో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు అమెరికన్లు ఏ పని మనిషికి హుషారునిస్తుందో పరిశీలించి ఐదు సంగతులు చెప్పారు. రకరకాల నైపుణ్యం వాడాలి, మొదలు నుంచి చివరిదాకా ఒకరి చేతిలో ఉండాలి, పదిమందికి పనికిరావాలి, సొంత నిర్ణయానికి చోటుండాలి, ఫలితం కంటికి కనబడాలి. మీ దగ్గర పోయినవి ఇవే. ఇక వయసు విషయం: కొత్తది పట్టుకునే వేగం కొంత తగ్గుతుంది, నిజమే. కానీ పోగైన అనుభవం అంత తేలిగ్గా పోదు. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి 2013లో ఎంగ్, ఫెల్డ్‌మన్ తేల్చింది కూడా, పెద్దవయసు ఉద్యోగులు కొత్త ఆలోచనల్లో వెనకబడి ఉన్నారనడానికి ఆధారం లేదనే.

అలాగని మేనేజర్ దగ్గరికి 'నాకు గౌరవం ఇవ్వడం లేదు' అని వెళ్లకండి. ఒక పని అడగండి. వచ్చే వానాకాలం చ్యూట్ జామ్‌ల సంగతి పూర్తిగా మీకే అప్పగించమనండి, తోడుగా రిపేర్ టీమ్ నుంచి ఒక కుర్రవాణ్ని ఇమ్మనండి. వెళ్లేముందు, మీకు చిరాకు తెప్పిస్తున్న ఆ రీడింగుల్లోంచే పోయిన వానాకాలంలో జామ్‌ల వల్ల క్రషర్ ఎన్ని గంటలు ఆగిందో లెక్క తీయండి. మేనేజర్లకు అనుభవం కన్నా అంకె త్వరగా వినబడుతుంది, ఏం చేస్తాం! నోటిమాటగా వదిలేయకుండా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆయన కాదంటే అదే కాగితం పైవాళ్లకు పంపవచ్చు.

ఆ లెక్క ఎక్సెల్‌లో వేయడానికి మీ అబ్బాయిని కూర్చోబెట్టుకోండి. వాడికి మీ పని ఏమిటో ఇంతవరకు తెలిసి ఉండదు, తెలియనివాడు ఏదో అంటాడు. మీ ఆవిడకు మాత్రం ఫ్యాక్టరీలో జరిగింది ఈ రోజే చెప్పండి. కారణం తెలియకుండా అరుపులు పడుతున్నది ఆమె.

రాజీనామా ఇప్పుడు వద్దు. పిల్లాడి చదువు ఇంకా నడుస్తోంది. పీఎఫ్ పెన్షన్ పూర్తిగా వచ్చేది 58 ఏళ్లకు. పదేళ్ల సర్వీసు ఉంటే 50 దాటాక ముందే తీసుకోవచ్చు గానీ, ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున కోస్తారు, ఆ కోత జీవితాంతం ఉంటుంది. వానాకాలం అయ్యేదాకా చూడండి. అప్పటికీ మిమ్మల్ని ట్యాబ్ దగ్గరే కూర్చోబెడితే, జీతం తెగకముందే చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ పని వాకబు చేయండి.