సందేహాలు – సమాధానాలు: లేపాక్షిలో పక్షి ఉందా?

సందేహం: శ్రీ సత్యసాయి జిల్లాలో, కర్ణాటక హద్దుకు దగ్గరగా ఉన్న లేపాక్షికి ఆ పేరు ‘లే, పక్షీ!’ అన్న రాముడి మాట నుంచి వచ్చిందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. రావణుడి చేతిలో రెక్కలు తెగి పడి ఉన్న జటాయువుతో రాముడు ఆ మాట అన్నాడట. అది కాదు, గుడి కట్టించిన విరూపన్న తన కళ్ళు పీకి గోడకు కొట్టడం వల్ల వచ్చిన పేరని ఇంకొందరు అంటున్నారు. ఏది నిజం? ‘లేపక్షి’ అని రాస్తే తప్పా? అక్కడి పెద్ద విగ్రహాన్ని నంది అనాలా, బసవన్న అనాలా?

సమాధానం: రాత సంగతి ముందు తేల్చుకుందాం. ‘లేపాక్షి’ ఒక్కటే సరైన రూపం. ‘పా’కు దీర్ఘం ఉండాలి. ‘లేపక్షి’ అని రాసేవారు తెలియక రాయడం లేదు. ‘లే, పక్షీ’ కథను నమ్మి, దానికి తగ్గట్టుగా దీర్ఘం తీసేస్తున్నారు. పేరు నుంచి కథ పుట్టింది, ఇప్పుడు ఆ కథే పేరును దిద్దుతోంది. అందుకే ఈ దీర్ఘం గురించి కాస్త వివరంగా చెప్పాలి.

‘లే’ అనేది లేచు ధాతువుకు విధి రూపం. పాత తెలుగులో లెమ్ము, నేటి వాడుకలో లే, మన్నన చేస్తే లేవండి. ‘పక్షి’ తత్సమం, దాన్ని పిలిస్తే చివర దీర్ఘం వచ్చి ‘పక్షీ’ అవుతుంది. అంటే పిలుపులో సాగేది చివరి ‘క్షి’. ఊరి పేరులో సాగింది నడిమి ‘పా’. సాగాల్సిన చోట సాగలేదు, సాగనక్కర్లేని చోట సాగింది. ‘లే’కూ ‘పక్షి’కీ మధ్య ‘ప’ అనే హల్లు అడ్డంగా ఉంది కాబట్టి రెండు అచ్చులు కలిసే అవకాశం లేదు, సంధివల్ల దీర్ఘం వచ్చే దారీ లేదు. ‘జనం నోట సాగి ఉండవచ్చు కదా’ అంటారేమో. ఊళ్ళ పేర్లలో తెలుగువారి నోరు చేసే పని దానికి సరిగ్గా వ్యతిరేకం. నడుమ ఉన్న అచ్చును అది మింగేస్తుంది. నల్లగొండ నల్గొండ అయింది, హనుమకొండ హన్మకొండ అయింది. హ్రస్వాన్నే నిలవనివ్వని నాలుక ఇక్కడొక్క చోట దానిని దీర్ఘం చేసిందని చెప్పాలంటే వేరే కారణం చూపించాలి.

‘లే’ అంటే లేత, ‘లేత పక్షి’ అయి ఉండవచ్చు కదా అని అడిగేవారూ ఉన్నారు. దాన్నీ పరీక్షించి చూడవచ్చు. లేత + నవ్వు లేనవ్వు అయినట్టు ప్రాతాది సంధిలో ‘త’ పోయి ‘లే’ మిగులుతుంది, నిజమే. కానీ తరవాత పరుషం ఉంటే అది సరళమవుతుంది. లేత + ప్రాయం ‘లేబ్రాయం’ అయింది చూడండి. ఆ లెక్కన ‘లేబక్షి’ రావాలి. రాలేదు. వచ్చినా దీర్ఘం సమస్య అలాగే ఉండేది.

ఊళ్ళ పేర్లు ఎలా ఏర్పడతాయన్నది ఇంకొక పరీక్ష. తెలుగు నేలమీద పేరులో మొదట విశేషణమో, మనిషి పేరో, చెట్టు పేరో ఉంటుంది. వెనక కొండ, పల్లి, ఊరు, పురం వంటి మాట వస్తుంది. ఈ చుట్టుపక్కలే పెనుకొండ, హిందూపురం, చిలమత్తూరు ఉన్నాయి. ఒకరు ఇంకొకరితో అన్న పూర్తి వాక్యం ఊరి పేరుగా నిలవడం మన అలవాటు కాదు. పైగా జటాయువు దశరథుడి స్నేహితుడు. వాల్మీకి రాముడు అతణ్ణి పితృసఖుడని ఎరిగి పూజించాడు. తండ్రి ఈడువాణ్ణి, తండ్రి స్నేహితుణ్ణి పట్టుకుని ‘లే, పక్షీ’ అని ఏకవచనంలో పిలవడం ఆ రాముడి నోట ఇమిడే మాట కాదు. కథ చెప్పేవారు ఊరి పేరులోని చప్పుడును పట్టుకుని మాటను కూర్చారు. తెలియని మాటను తెలిసిన ముక్కలుగా విరిచి అర్థం చెప్పుకోవడాన్ని జానపద నిరుక్తి అంటారు.

ఈ అలవాటు ఎంత సహజమో మీ ప్రశ్నలోని ‘హద్దు’తో మొదలుపెట్టి చూడవచ్చు. హద్దు అరబ్బీ మాట. పారసీకంలో దాని ముందు ‘సర్’ చేరి సర్‌హద్ అయింది. తెలుగు చెవికి ‘సర్’ అంటే ఏమీ తోచలేదు, ‘సరి’ అంటే తెలుసు. ఇటూ అటూ సరిగా ఉండే హద్దు అనుకుని ‘సరిహద్దు’ చేసేసుకున్నాం. ఇక్కడ జానపద నిరుక్తి మాట రూపాన్నే మార్చి స్థిరపడిపోయింది, ఇప్పుడు దాన్ని తప్పు అనలేం. లేపాక్షి విషయంలో అలా జరగలేదు. కథ ఎంత ప్రచారమైనా ఊరివారి నోట ‘పా’ దీర్ఘం చెక్కుచెదరలేదు. దాన్ని మనం రాతలో చెరపకూడదు.

ఇక కళ్ళ కథ. విజయనగర రాజు అచ్యుతదేవరాయలు 1529 నుంచి 1542 వరకు పాలించాడు. ఆ కాలంలో పెనుకొండలో అధికారులుగా ఉన్న విరూపన్న, వీరన్న సోదరులు కూర్మశైలం అనే తక్కువ ఎత్తు గుట్టమీద వీరభద్రస్వామి గుడి కట్టించారు. ఇంతవరకు చరిత్ర. రాజు ఊళ్ళో లేనప్పుడు కోశాగారం డబ్బు ఖర్చు పెట్టాడన్న నేరం మీద విరూపన్న కళ్ళు తీయమని ఆజ్ఞ అయిందనీ, అతను తానే పీకి గోడకు కొట్టాడనీ చెప్పేది కథ. అసంపూర్తిగా ఉన్న కల్యాణమండపం దగ్గర గోడమీద రెండు ఎర్రని మచ్చలు చూపిస్తారు. దీనికి జతగా ‘లోప + అక్షి’ అనే విరుపు చెబుతారు. అప్పుడు ‘లోపాక్షి’ కావాలి. పదం మొదట్లోని ఓకార దీర్ఘం ఏకారంగా మారడం తెలుగులోనూ కన్నడంలోనూ మామూలు మార్పు కాదు. పైగా గుడి కట్టేనాటికే ఊరికి ఆ పేరు ఉంటే, గుడి సగంలో ఉండగా జరిగిందనే సంఘటన దానికి కారణం కాలేదు. ఏ స్థలపురాణానికైనా ముందు వేయవలసిన ప్రశ్న ఇదే: పేరు ముందా, సంఘటన ముందా?

విరూపన్న అన్న పేరును మాత్రం తప్పక విప్పి చూడాలి. అది హంపి విరూపాక్షుడి పేరు. విరూపాక్ష శబ్దాన్ని కుదించి ‘అన్న’ చేర్చారు. విరూపాక్షుడంటే మామూలు రూపంలో లేని కన్నులవాడు, ముక్కంటి. పేరులోనే కన్ను ఉన్న మనిషి ‘-అక్షి’ అనే ఊళ్ళో గుడి కట్టించాడు. రెండు కన్నుల మాటలు అలా ఎదురుపడ్డాక కన్నుల కథ పుట్టడం నాకు ఆశ్చర్యంగా తోచదు. ఇది నా ఊహ, రుజువు కాదు.

మరి ‘లేపాక్షి’ని ఎలా విడదీయాలి? ఉన్న రూపానికి ఏ దిద్దుబాటూ చేయకుండా సరిపోయేది లేప + అక్షి. అకారానికి అకారం ఎదురై సవర్ణదీర్ఘం వచ్చింది. మనల్ని ఇంతసేపు ఇబ్బంది పెట్టిన ‘పా’ అక్కడినుంచి వచ్చింది. లేపం అంటే పూత, అక్షి కన్ను. బహువ్రీహి సమాసంలో అక్షి శబ్దం చివర ఉంటే పాణిని ‘షచ్’ ప్రత్యయం చెప్పాడు. దానివల్ల పుంలింగంలో విరూపాక్షుడు, పుండరీకాక్షుడు అవుతారు, స్త్రీలింగంలో మీనాక్షి, కామాక్షి, విశాలాక్షి అవుతారు. కాబట్టి లేపాక్షి అనే రూపం స్త్రీలింగం. పూత పూసిన కన్నులు గలది, కాటుక తీర్చిన కన్నులు గలది అని చెప్పుకోవచ్చు. ఈ క్షేత్రం గురించి వినిపించే ‘లేపాక్ష్యాం పాపనాశనః’ అన్న మాట చూడండి. కాశీ శబ్దానికి ‘కాశ్యాం’ ఎలాగో, లేపాక్షీ శబ్దానికి ‘లేపాక్ష్యాం’ అలాగ. స్త్రీలింగ శబ్దానికి సప్తమి అది. ఆ మాట చెప్పినవారికి ఇందులో పక్షి కనిపించి ఉంటే ‘లేపక్షిణి’ అనేవారు.

ఒక హెచ్చరిక. సంస్కృతంలో చక్కగా విడిపోయినంత మాత్రాన పేరు సంస్కృతంలోనే పుట్టిందని అర్థం కాదు. దేశి పేర్లకు సంస్కృత వేషం వేయడం పండితులకు అలవాటు. పక్కనే ఉన్న పెనుకొండను ఘనగిరి అన్నారు. అది అర్థాన్ని అనువదించడం. ధ్వనిని మాత్రమే సంస్కృతంవైపు తిప్పిన పేర్లూ ఉంటాయి. కాబట్టి లేప + అక్షి ఇప్పుడున్న రూపాన్ని వివరిస్తుంది. ఊరికి మొదట పేరు పెట్టినవారి మనసులో ఏముందో వ్యాకరణం చెప్పదు. గుడి పైకప్పు నిండా ఉన్న వర్ణచిత్రాలను చూసి ‘చిత్రించిన కన్ను’ అని అర్థం చెప్పేవారికి కూడా పైన వేసిన ప్రశ్నే వేయాలి: పేరు ముందా, చిత్రాలు ముందా?

నంది, బసవన్న – రెండూ సరైనవే, అయితే చరిత్రలు వేరు. నంది సంస్కృతం, ఆనందించడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. బసవ అనే మాట మూలం వృషభ. ప్రాకృతంలో వసహ, కన్నడంలో బసవ. తెలుగులో వకారం ఉన్న చోట కన్నడంలో బకారం ఉండడం మామూలు: వెన్న – బెణ్ణె, వేరు – బేరు, విల్లు – బిల్లు. బసవ శబ్దంలోని ‘బ’ మీద ఆ కన్నడ ముద్ర ఉంది. 12వ శతాబ్ది బసవేశ్వరుడితో, వీరశైవంతో ఆ మాట తెలుగులోకి బలంగా వచ్చింది. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో పాడేనాటికే అది మనది అయిపోయింది. గంగిరెద్దులవాడు సంక్రాంతికి ‘డూడూ బసవన్నా’ అంటాడే తప్ప ‘డూడూ నందీ’ అనడు. ఒకే రాతిలో చెక్కిన, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న ఆ విగ్రహాన్ని పుస్తకంలో వర్ణించేటప్పుడు నంది అనండి, ఊళ్ళో దారి అడిగేటప్పుడు బసవన్న అనండి. మన్నన కోసం బసవయ్య అన్నా మంచిదే.

రాతలో ‘బసవణ్ణ’, ‘విరూపణ్ణ’ అని ణకారం పెట్టవచ్చా అన్న సందేహం హద్దు ఊళ్ళ గురించి రాసేవారికి తరచు వస్తుంది. అక్కడి గోడలమీద కన్నడ శాసనాలు ఉన్నాయి కాబట్టి కొందరు ఆ రూపమే అసలైనదనుకుంటారు. కన్నడ వాక్యంలో అదే సరి. తెలుగులో మాత్రం ఈ ‘ణ్ణ’ ఎప్పుడో ‘న్న’ అయింది: కణ్ణు – కన్ను, మణ్ణు – మన్ను, అణ్ణ – అన్న. కన్ను అని రాస్తూ విరూపణ్ణ అని రాయడం పొసగదు. శాసనపాఠాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసేటప్పుడు ‘ణ్ణ’ ఉంచండి, మీ సొంత వాక్యంలో విరూపన్న, వీరన్న, బసవన్న అనండి.

ఈ ఊరి గురించిన వ్యాసాలలో పదేపదే కనిపించే పొరపాట్లు ఇంకొన్ని ఉన్నాయి. గుడిలో వీరభద్రుడితో పాటు శివకేశవులు ఎదురెదురుగా ఉంటారు. ఆ శివుడి పేరు పాపనాశేశ్వరుడు. నాశ + ఈశ్వర, గుణసంధి, తాలవ్య ‘శ’. ‘పాపనాసేశ్వరుడు’ అని రాస్తే ముక్కు గుర్తొస్తుంది. ఎదురుగా ఉన్న స్వామి రఘునాథుడు, ‘రఘనాథుడు’ కాదు. నేలను పూర్తిగా ఆనకుండా నిలిచిన ఆ ప్రసిద్ధమైన రాతి కంబం ‘స్తంభం’, ‘స్థంభం’ కాదు. ‘స్థ’ స్థానం, స్థలం వంటి మాటలలో ఉంటుంది, అది వేరే ధాతువు. దాన్ని ‘వేలాడే స్తంభం’ అంటే చాలు, ‘గాలిలో వేలాడుతున్నటువంటి స్తంభం’ అని సాగదీయనక్కర్లేదు. అలాగే ‘లేపాక్షి యొక్క గుడి’ అనకండి, ‘లేపాక్షి గుడి’ అనండి. ఇకారాంతం కాబట్టి హిందూపురం నుంచి బస్సు వెళ్ళేది ‘లేపాక్షికి’, ‘లేపాక్షికు’ కాదు.